తుపాకి కొయ్య: బందరు రేవు మొదలు బోలు మడమ వరకు

తుపాకిని గూర్చి వ్రాసినవారు చాలవరకు గొట్టమును గూర్చియు, మందును గూర్చియు, గుండు ఎంత దూరము పోవుననుటను గూర్చియు వ్రాసిరి కాని, ఆ గొట్టమును భుజమునకు చేర్చి నిలుపు కొయ్యను గూర్చి వ్రాసినవారు అరుదు. కమ్మరి పనికి గల ప్రతిష్ఠ ఈ విషయమున వడ్రంగి పనికి దక్కలేదు. అయినను తుపాకి వెల తగ్గింపవలసి వచ్చినప్పుడు తయారుచేయువాని చేయి తరచుగా మొదట పడినది కొయ్య మీదనే. అట్లు తగ్గించిన దానిని సరిదిద్దుకొను భారము కొన్నవాని మీదనో, వాని ఊరి పనివాని మీదనో పడుచు వచ్చినది. నేడు అమెరికా అంగళ్ళలో చౌకగా దొరకు వేట రైఫిలును చేతబట్టి, దాని ప్లాస్టికు ముందుభాగము వ్రేళ్ళ ఒత్తిడికే వంగుట చూచి విసుగుకొనువారికి ఇది మన కాలపు దోషముగా తోచును. కాని కృష్ణా జిల్లాలోని బంటుమిల్లి నుండి బందరు మీదుగా సముద్రము వరకు గల మన పల్లపు సీమ చరిత్రను కొంచెము తిరుగవేసినచో, ఈ దోషమునకు పూర్వులు చాలమందియే కలరని తెలియును.

ఈ సీమలో కొయ్యకు గల మొదటి శత్రువు గాలి. బంటుమిల్లికి ఉత్తరమున కొల్లేరు, దక్షిణమున సముద్రము; నడుమ కాలువలు, మురుగుకోడులు, వరిచేలు, ఇప్పుడు వానికి తోడు చేపల చెరువులు. తొలకరి మొదలు కార్తికము వరకు తలుపులు గడపలకు పట్టుకొనుటయు, మరల మాఘ ఫాల్గునములకు అవే తలుపులు వదులై గాలికి కొట్టుకొనుటయు ఇచ్చటి ప్రతి యింటివారికిని తెలిసినదే. కొయ్య తన పొడవున అంతగా మారదు. అడ్డముగా, అనగా నారకు అడ్డదిశలో, తేమను త్రాగి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. తలుపునకు ఇది చిరాకు మాత్రమే. తుపాకికి ఇది గురికి సంబంధించిన చిక్కు. మందు అంటుకొన్న క్షణమున గొట్టము ఈ చివరి నుండి ఆ చివరి వరకు అదరును. ఆ అదురు ప్రతిసారియు ఒకే తీరున ఉన్నంతకాలము గుండు ఒకే చోటికి పోవును. ఉబ్బిన కొయ్య గొట్టమును ఒక ప్రక్క ఒత్తెనా, ఆ అదురు తీరు మారును. శరత్కాలమున తగిలిన గురి వేసవికి తప్పును. తప్పు కంటిదా, చేతిదా, మందుదా అని వెదకువాడు కొయ్యను శంకించుట చివరి మాట.

గోలకొండ ప్రభువుల కాలమున బందరు దక్షిణాపథమునకు గొప్ప రేవు. 17వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే డచ్చివారు ఇచ్చట కోఠీ పెట్టిరి. 1611లో ‘గ్లోబు’ అను ఓడ మీద ఆంగ్లేయులు వచ్చిరి. నేటి నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున కరగిన ఉక్కు ఈ రేవు గుండ పారసీక దేశమునకు పోయి, అచ్చటి కత్తులకు పేరు తెచ్చినది. ఆ కాలపు మన సైనికుని తుపాకి వత్తి తుపాకి: నిలువున సన్నని కొయ్య, దానిపై పొడుగాటి గొట్టము, రెంటిని కలిపి కట్టిన తీగ చుట్లో, తోలు పట్టీలో, లోహపు బద్దలో. దాని మడమ, అనగా భుజమున ఆనుకొను వెనుకభాగము, ఐరోపా తుపాకి మడమవలె వెడల్పై భుజమున కూర్చుండునది కాదు. చేతికఱ్ఱవలె సన్నగా, కొన్నిట అయిదు పలకలుగా ఉండెడిది. ఈ తీగ చుట్లను మోటుతనమని కొందరు ఐరోపీయులు చులకన చేసిరి గాని, నా దృష్టిలో అది తెలివైన ఏర్పాటు. కొయ్య ఉబ్బినను ముడుచుకొనినను చుట్టును విప్పి మరల బిగించుకొనవచ్చును. పగిలినచో కొయ్య ఒక్కటి మార్చి అదే గొట్టమును మరల కట్టుకొనవచ్చును. దానికి కర్మాగారము అక్కరలేదు, ఊరి వడ్రంగి చాలును.

18వ శతాబ్ది నడుమ ఐరోపా తుపాకి ఈ తీరమున గుంపులుగుంపులుగా దిగెను. 1750 ప్రాంతమున బందరు ఫ్రెంచివారి వశమైనది. ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు ఉత్తర సర్కారులలో చేసిన పనులలో 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధము తెలుగువారి నోళ్ళలో నేటికిని నానుచున్నది. తరువాత రెండేండ్లకు, 1759 ఏప్రిల్ 7వ తేది రాత్రి, ఆంగ్లేయుల కర్నల్ ఫోర్డు తన కన్న ఎక్కువ బలముతో కోటలో ఉన్న ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు మీద పడి, తెల్లవారునప్పటికి బందరు కోటను పట్టుకొనెను. కోటచుట్టును బురద పఱ్ఱ. ఫ్రెంచివారు దాటశక్యము కాదని నమ్మిన ఆ పఱ్ఱలో నుండియే దాడిలో ఒక భాగము సాగినది. చరిత్రకారులు ఈ రాత్రిని గూర్చి రాజకీయముగా చెప్పవలసినదంతయు చెప్పిరి. తుపాకుల పరీక్షకు దిగిన మనకు ఇందు ఒక చిన్న సంగతి ముఖ్యము. ఫ్రెంచివారు 1728 నుండి తమ మస్కెట్టు గొట్టమును కొయ్యకు లోహపు పట్టెడలతో బిగించుచుండిరి. ఆంగ్లేయులు మాత్రము కొయ్యకు అడ్డముగా సన్నని చీలలు దూర్చి నిలుపుచుండిరి. చీలల పద్ధతి కంటికి సొంపుగా ఉండును. పట్టెడల పద్ధతి మరమ్మతునకు సులభము, విఱుగుటకు కష్టము. ఒకే కోట గోడ కిరుప్రక్కల ఈ రెండు శిల్పములును ఒకే బురదలో తడిసినవి.

ఇక అసలు కథ. ఈస్టిండియా కంపెనీ వర్తకుల సంస్థ. సిపాయిలకు వేలకొలది తుపాకులు కొనవలసి వచ్చినప్పుడు ఇంగ్లండు రాజు సేనకు చేయించు మస్కెట్టు దానికి అధిక వ్యయముగా తోచినది. ఆ రాజసేన తుపాకి గొట్టము మొదట 46 అంగుళములు, పిమ్మట 42. కంపెనీ దానిని 39 అంగుళములకు కుదించి, కొయ్య విషయమున ఎన్నిక తగ్గించి, ఇత్తడి అలంకారములను సరళము చేసి, తనకొక చౌక తుపాకిని చేయించుకొనెను. దానికే ‘ఇండియా ప్యాటర్ను’ అని పేరు. 1790లలో ఫ్రాన్సుతో యుద్ధము ముంచుకొని వచ్చి తన తుపాకులు చాలక ఇంగ్లండు ప్రభుత్వము కంపెనీ నిలువలనుండి వీనిని కొని, ఆ పిమ్మట అదే మాదిరిని తన సేనకును అంగీకరించినది. హిందూదేశమునకు చాలునని చేసిన చౌక సరకు ఇంగ్లండునకును చాలినదన్నమాట! నెపోలియనుతో జరిగిన యుద్ధములలో ఆంగ్ల పదాతి చేత నుండినది చాలవరకు ఇదియే. చౌక అనగా పనికిరానిదని తలచువారికి ఈ ఉదాహరణ చాలును; కాని ఆ చౌకలో కొయ్య వంతు ఎంతో గమనింపకుండుటయు న్యాయము కాదు.

1878లో వైస్రాయి లిట్టను ప్రభుత్వము ఆయుధముల చట్టము తెచ్చినది. ఐరోపీయులకు మినహాయింపు, మనవారికి లైసెన్సు. జాతీయ కాంగ్రెసు ఏండ్ల తరబడి తీర్మానించి నిరసించిన చట్టములలో ఇది ఒకటి. ఆ చట్టము క్రింద మన పల్లెలలో మిగిలిన తుపాకి ఎక్కువగా మూతినుండి మందు దట్టించి పేల్చునది. దీనినే తెలంగాణమున భర్మారు అనిరి, ఇచ్చట నాటు తుపాకి అనిరి. దొరల సంగతి వేరు. ఊడ్పులైన వరిచేలలోనికి శీతకాలమున దిగు ఉల్లంకి పిట్టల కొఱకును, కొల్లేటికి ఉత్తర దేశములనుండి వచ్చు బాతుల కొఱకును వారు పండ్రెండు బోరు జోడుగొట్టపు తుపాకులతో దిగుచుండిరి. అక్రోటు కొయ్యతో చేసిన ఆ మడమ యజమాని మెడ పొడవు, చేయి పొడవు కొలిచి చెక్కినది. ఎగురు పిట్టను కొట్టువాడు గొట్టముపై గురి చూడడు, మడమ చెంపకు తగిలిన తీరునే నమ్మి పేల్చును. కావున అట్టి తుపాకికి మడమయే వెనుకటి గురి. మన నాటు తుపాకికి అంతటి కొలత లెక్కడివి? టేకు తేమకు లొంగదు గాని అదురుకు చీలుగుణము కలది. నల్లతుమ్మ గట్టిదే గాని బండి చక్రమునకు దిగినంత చక్కగా భుజమునకు దిగదు, బరువెక్కువ. మణికట్టువలె సన్నబడిన చోటున కొయ్య విరిగినచో ఇత్తడి రేకు తాపడము చేయుటయు, పచ్చి తోలు తడిపి బిగించి చుట్టి ఆరనిచ్చుటయు ఎరిగిన చికిత్సలు. ఆరిన తోలు ఇనుప పట్టీవలె బిగియును. అది మరల తడిసినచో మెత్తబడును గనుక మన సీమలో దానిపై లక్కయో, వార్నీషో పూయక తప్పదు.

ఇచ్చట ఒక ప్రక్క మాట. తెలుగు నేలపై తుపాకి కొయ్యకు సంపూర్ణ ప్రాధాన్యమిచ్చినవాడు ఒక్కడే కలడు, అతడు పిట్టలదొర. చినిగిన కాకీ కోటు, నెత్తిన టోపీ, భుజమున కఱ్ఱ తుపాకి. కోతలు కోసి నవ్వించి నాలుగు గింజలు సంపాదించుకొను ఆ కళాకారుని ఆయుధమున గొట్టము కూడ కొయ్యయే. దొరల షికారును అంత చక్కగా వెక్కిరించిన కళ మరియొకటి లేదు. చట్టము క్రింద లైసెన్సు అక్కరలేని తుపాకియు అదియే.

20వ శతాబ్దిలో పేదవాని రైఫిలు మరియొక రూపమున వచ్చినది. సైన్యము వాడు .303 తూటా పౌరుల చేతికి పోరాదని నిషేధముండుటచే, బర్మింగ్‌హాము తయారీదారులు ఆ తూటాకు చేసిన లీ ఎన్‌ఫీల్డు యంత్రమునకు ఆస్ట్రియా దేశపు 8 మిల్లీమీటర్ల తూటాను అమర్చి .315 అను పేర హిందూదేశమునకు పంపిరి. తరువాత కలకత్తా చేరువనున్న ఈషాపూరు రైఫిలు ఫ్యాక్టరీయే దానిని చేయసాగినది. స్వాతంత్ర్యానంతరము పంట కాపునకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొందిన మధ్యతరగతి రైతు ఆశించు రైఫిలు ఇదియే అయినది. లీ ఎన్‌ఫీల్డు కొయ్య రెండు ముక్కలు: వెనుక మడమ, ముందు గొట్టపు కొయ్య. తూటా పేలినప్పటి వెనుదన్ను అంతయు ముందు కొయ్యలోని రెండు చిన్న ఆనిక తావులపై పడును. అవి నలిగినచో, లేక కొయ్య ముడుచుకొని వదులైనచో, గురి చెదరును. నాళ్ళు గడచిన కొలది కొయ్య నిలువున చీలును. ఈషాపూరు పనివారు దీనికి ముందు కొయ్యలో అడ్డముగా ఒక మరచీల బిగించి, చీలిక సాగకుండ ఆపిరి. నేటికిని పాత తుపాకులు సేకరించు విదేశీయులు ఈ చీలను ఈషాపూరు పేరుతోనే పిలుతురు. ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీవారు స్వదేశపు మెత్తని కొయ్య వాడవలసి వచ్చినప్పుడు, అవే ఆనిక తావులలో రాగి రేకులు తాపడము చేసిరి. లోపము ఒకటే, ఒకరు చీలతోను, ఒకరు రేకుతోను చక్కబెట్టిరి. ఖరీదైన కొయ్య దొరకనప్పుడు బలహీనమైన చోటును గుర్తెరిగి అచ్చట మాత్రమే గట్టి వస్తువును నాటుట ఈ ఉభయుల విద్య. ఇక ముందు చెప్పబోవు ప్లాస్టికు మడమ చికిత్సకు ఇదియే మూలసూత్రము.

కొయ్యను విడిచి కృత్రిమ పదార్థమునకు పోవుట 1959లో స్థిరపడినదని చెప్పవచ్చును. అమెరికాలోని రెమింగ్టను వారు డ్యూపాంటు వారి నైలానుతో మడమను (ఇకమీద ఈ మాట ముందుభాగముతో కూడిన మొత్తమునకు) పోసి, ‘నైలాను 66’ అను .22 రైఫిలును ఆ యేట విడుదల చేసిరి. జనము నమ్మరను భయముచే టామ్ ఫ్రై అను గురికాని చేత గాలిలోనికి విసరిన కొయ్యదిమ్మలను కొట్టించిరి. 1,00,010 దిమ్మలలో అతడు తప్పినవి ఆరు మాత్రమే. ఆ రైఫిలు పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. వియత్నాం వానలలో అమెరికా మెరీనుల గురికాండ్ర రైఫిళ్ళ కొయ్యలు ఉబ్బి గొట్టములను ఒత్తుటచే, 1970లలో వారు మెక్‌మిలను వారి ఫైబర్‌గ్లాసు మడమలకు మారిరి. మన వాతావరణము వంటి వాతావరణమే కొయ్యకు స్వస్తి చెప్పించినదన్నమాట.

అయితే చేతితో పొరలు పొరలుగా పేర్చిన ఆ ఫైబర్‌గ్లాసు మడమ వేరు, నేటి చౌక రైఫిలుకు తొడుగు మడమ వేరు. రెండవది ఉక్కు మూసలోనికి కరగిన ప్లాస్టికును ఒత్తిడితో చిమ్మి తీసినది. మూసకు వ్యయమెక్కువ, దానినుండి వచ్చు ఒక్కొక్క మడమకు వ్యయము స్వల్పము. ఇట్టి పోతలో గోడ మందమైనచో ప్లాస్టికు ఆలస్యముగా చల్లారి, లోపలికి ముడుచుకొని, పైన గుంటలు పడును. కావున గోడలు పలుచగా పోసి, లోపల అడ్డుపట్టీలు మాత్రము నిలిపి, తక్కినది బోలుగా విడుతురు. ఫలితముగా మడమ తట్టినచో డొల్ల మ్రోత మ్రోగును. ముందుభాగమును పిడికిట పట్టి నొక్కినచో గొట్టమునకు తగులును. వేటకాడు దానిని గట్టుమీద ఆనించినప్పుడొక తీరున, భుజపు పట్టీ లాగినప్పుడొక తీరున అది వంగును. పైగా నైలాను తానును కొంత తేమ త్రాగి మెత్తబడు గుణము కలది. గాజు నార కలిపిన నైలానుకు ఈ గుణము తక్కువ, పాలీప్రొపిలీనుకు లేనట్లే. తేమకు విరుగుడని వచ్చిన దానికే తేమ ఒకింత తగులుట విధి విలాసము.

బందరు తీరపు పనివానికి ఇది చెప్పినచో నవ్వుకొనును. ఒకప్పుడు ఈ తీరమున అలల నెదుర్కొనిన మసూలా పడవ పలకలకు మేకులు లేవు. కొబ్బరి పీచుత్రాటితో పలకలను కుట్టెడివారు. కెరటము వచ్చి కొట్టినప్పుడు పడవ ఒడలెల్ల వంగి ఆ దెబ్బను మ్రింగుకొనెడిది, మేకులు కొట్టినదయినచో పగిలెడిది. పడవకు ప్రాణమైన ఆ వంపే మడమకు ప్రాణాంతకము. నేడు గిలకలదిండి రేవున కనబడు చిన్న పడవలలో చాలవరకు ఫైబరువి: గాజు నారకు రెజిను పట్టించి మూసపై పేర్చినవి. బోలు మడమను గట్టిపరచు విద్య కూడ ఈ గాజు నార, ఈ జిగురు పనిలోనిదే. అయితే పడవల పనిలోని పాలీఎస్టరు రెజిను గట్టిపడునప్పుడు ఎక్కువ ముడుచుకొనును. గొట్టమునకు, యంత్రమునకు ఒదుగు పఱపునకు ముడుచుకొనుట తక్కువగల ఎపాక్సీయే తగినది. అరాల్‌డైటు అను పేర అది మన ఇండ్లలోను పాతదే.

పని తీరు ఇట్లుండును. తుపాకి ఖాళీ అని రెండుమార్లు చూచి, బోల్టు తీసి, గొట్టమును యంత్రమును మడమనుండి వేరుచేయుదురు. ముందుభాగపు బోలును ఇసుక కాగితముతో గరుకు చేసి, గోడల లోపలి ప్రక్కను చిన్న చిన్న గుంటలు తొలుతురు; ప్లాస్టికునకు జిగురు సహజముగా అంటుకొనదు కనుక ఆ గుంటలలో దిగి పట్టు చిక్కించుకొనవలెను. అడ్డుపట్టీలకు గండ్లు కోసి, నిలువున ఒక ఉక్కు కడ్డీనో, అల్యూమినియము గొట్టమునో, బరువు తగ్గవలెనన్నచో కార్బను బాణపు కఱ్ఱలనో పఱచి, చుట్టును గాజు నార తునకలు కలిపిన ఎపాక్సీని నింపుదురు. ఒక్కసారిగా ఎక్కువ పోసినచో అది గట్టిపడునప్పుడు పుట్టు వేడికి పలుచని ప్లాస్టికు వంకర పోవును. పొరలు పొరలుగా పోయుటే నేర్పు. ఆరిన పిమ్మట గొట్టపు కాలువను రాచి, గొట్టము క్రింద మడచిన కాగితము యంత్రము వరకు అడ్డులేక జరుగునట్లు ఎడము చేయుదురు. తరువాతిది వెనుక పని: మరలు బిగించినప్పుడు ప్లాస్టికు నలుగకుండ వాని చుట్టును లోహపు గొట్టపుముక్కలు నిలిపి, వెనుదన్ను తగులు ఆనిక వెనుక ఎపాక్సీ పఱపు వేయుదురు. ఈషాపూరు చీలయు లిత్‌గో రాగిరేకును ఇచ్చట కొత్త వేషమున దర్శనమిచ్చును. ఇనుముకు ముందుగా మైనము పూయుట మరచినచో యంత్రము మడమలో శాశ్వత నివాస మేర్పరచుకొనును. ఇది ప్రతి దేశమునను కొత్తవారు తమ సొమ్ముతో కొనుక్కొను పాఠము. మడమ వెనుక బోలులో నురుగు నింపువారున్నారు; దానివలన మ్రోత తగ్గును, గురికి ఒరుగునది తక్కువ.

ఈ పని అమెరికాలో స్థిరపడి అచ్చటి నియమముల ప్రకారము వేటకు పోవు తెలుగువానికి సెలవునాటి వ్యాపకము కావచ్చును. మన దేశమున కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వృత్తిగా తుపాకి మరమ్మతు చేయువానికి కూడ లైసెన్సు కావలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు వేట నిషిద్ధము; కృష్ణా ముఖద్వారపు మడ అడవులు 1989లోను, కొల్లేరు 1999లోను అభయారణ్యములైనవి; 2002లో కొల్లేటికి చిత్తడినేలల రామ్‌సారు గుర్తింపు వచ్చినది. బాతులు ఇప్పుడు కెమెరాలకు మాత్రమే దడుసుకొనుచున్నవి. మిగిలిన లైసెన్సు తుపాకులను ఎన్నికలు వచ్చినప్పుడు తరచుగా ఠాణాలో అప్పగింపవలసి వచ్చును. వారములకొలది అచ్చట నిలువయున్న ఆ తుపాకులలో ఎక్కువభాగము ఇంకను కొయ్య మడమలవే. వాని యజమానులు విడిపించుకొని ఇంటికి తెచ్చినవెంటనే చేయవలసిన పని గొట్టమునకు నూనె పెట్టుట అని అందరికిని తెలియును, మడమకు అవిసె నూనె పట్టించి, మరలు మరల సరిగా బిగించి, గొట్టము క్రింద కాగితము జరుగునో లేదో చూచుకొనుట మాత్రము కొందరికే తెలియును.